సొరె

ఫోను ముందు మూడు మాటలే నేర్పింది.
కొరె: నా దగ్గరున్నది.
సొరె: నీ దగ్గరున్నది.
అరె: నీకూ నాకూ కూడా దూరంగా ఉన్నది.
వెనకాలే నాలుగోది, దొరె,
ఏదో తెలీనప్పుడు అడగడానికి.

యాభై దగ్గరపడ్డ నాలిక ఒక పట్టాన తిరుగుతుందా?
కొర్రలు నా గుప్పిట్లో ఉన్నాయనుకున్నాను.
సొరపాదు ఎప్పుడూ ఎదుటివాడి పందిరి మీదే కాస్తుంది.
అరె! అనేది చెయ్యిజారి దొర్లిపోయాకే కదా.
ఇక ఏదో తేల్చాల్సినవాడు దొర.
అలా పట్టుబడ్డాయి.

ఇంతకీ నాకెందుకంటే,
పర్లాకిమిడిలో కొమ్ము పని నాది.
గేదె కొమ్ము నిప్పు మీద కాచి, మెత్తబడ్డప్పుడే వంచి
కొంగలూ రొయ్యలూ చేస్తాను.
పోయిన పుష్యమాసంలో ఒక జపాను ఆవిడ
గుమ్మంలో చెప్పులిప్పి మరీ లోపలికొచ్చింది.
నేను రొయ్యని పైకెత్తి ఇది అన్నాను.
ఆవిడ దాన్నే చూస్తూ సొరె అంది.
రొయ్య ఒకటే. దాని మీసం కూడా కదల్లేదు.
మా మధ్య మూడడుగుల బల్ల,
ఆ మూడడుగులకే పేరు మారిపోయింది.
మళ్లీ వస్తానని వేళ్లతో చెప్పింది,
కొంగలు నలభై కావాలని కూడా.

మాకిది మరీ వింతేం కాదు.
పాతపట్నంలో నిలబడితే మా ఊరు అటు,
మా ఊళ్లో నిలబడితే పాతపట్నం అటు.
పాలవాడితో ఎయిటా సెయిటా అని ఒడియాలో,
కొండ దిగొచ్చిన సవర ముసలమ్మతో ఒట్టి చూపుడువేలితో,
ఇంట్లో ఇది, అది.
రెండే. ఎప్పుడూ తక్కువనిపించలేదు.

పక్షవాతం తగ్గాక కూర్మావతికి
చెయ్యి తిరిగొచ్చింది, నడక సగం తిరిగొచ్చింది,
పేర్లు రాలేదు.
ఉప్పు పోయింది. దువ్వెన పోయింది.
చెల్లెలి పేరు, నా పేరు.
సంతలో ముప్పై రకాల చేపల్ని గుక్కతిప్పకుండా చెప్పే మనిషికి
ఇది, అది మిగిలాయి.
అది, అంటుంది.
గోడ మీద వెతుకుతాను. గడియారమా? కాదు.
కేలండరా? కాదు. కిటికీ వెయ్యాలా?
అది! అంటుంది, కళ్లనీళ్లతో.
వీధిలోకి చూస్తాను, రిక్షా, కుక్క, కరెంటు తీగ.
ఏటే అది, అని ఒకటి రెండుసార్లు గొంతు లేచింది నాది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ తప్ప.

ఆరో పాఠం రాత్రి
సొరె, సొరె అని గొణుక్కుంటూ
కొంగ మెడకి ఆకురాయి పెడుతున్నాను.
మంచం మీంచి, అది, అంది.
లేచి గోడ దగ్గరికి వెళ్లబోయి ఆగాను.
నీ దగ్గరున్నది.
పది నెలలుగా దూరాలన్నీ గాలించాను,
నా చేతులు తప్ప.

కొంగని ఇచ్చాను.
ముప్పై ఏళ్లు నా బొమ్మలకి మెరుగు పెట్టిన బొటనవేలు
మెడ మీద పైనుంచి కిందికి జారి
వంపు దగ్గర ఆగింది.
అక్కడ నిజంగానే కాస్త ఎత్తుంది,
నా కంటికి ఆనలేదు.
ఇది, అంది.

అన్నిసార్లూ అలా జరగదు. మర్నాడే
అది ఏమిటో తేలక ఇద్దరం అన్నం మానేశాం.
జపాను ఆవిడ ఇంకా రాలేదు.
పదకొండు కొంగలయ్యాయి.

ఇవాళ పొద్దున చెరో చేత ఒక చీర పట్టుకుని
దొరె? అన్నాను, వేళాకోళానికి.
తప్పేనట, మూడు పైబడితేనే దొరె అనాలట,
రెండింటికి వేరే మాట ఉంది, ఆ పాఠం ఇంకా తెరవలేదు.
ఎన్నాళ్లకో నవ్వింది.
అరె! అంది.
ఆశ్చర్యమో,
పెరట్లో దండెం మీద ఆరుతున్న మూడోదో.